జంటపద్దు పుట్టుపూర్వోత్తరములు

వర్తకమున్న చోట అప్పు ఉండును. అప్పున్న చోట లెక్క ఉండితీరవలెను. మనుష్యుడు తనకు రావలసిన దానిని మరువడు గాని, తాను ఈయవలసిన దానిని తరచుగా మరచును. ఈ లోపమును దిద్దుకొనుటకే లోకమునందలి వర్తకజాతులన్నియు ఏదో యొక విధమైన వ్రాతలెక్కను ఏర్పరచుకొన్నవి. వానిలో నేడు ప్రపంచమంతటను వ్యాపించియున్నది జంటపద్దు విధానము. పెద్ద బ్యాంకులు మొదలు చిన్న సహకార సంఘముల వరకు లెక్క వ్రాయునది ఈ విధానముననే. ఇది ఎక్కడ పుట్టినది, ఏల పుట్టినది, దానికిని మన చిట్టా ఆవర్జాలకును గల చుట్టరికమేమి యను విషయములను మేము ఈ వ్యాసమునందు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజెప్పదలచితిమి.

మనము నివసించు పేట పేరే ఈ విషయమునకు తగిన ప్రారంభము. తెనుగున చాకలిపేట, తమిళమున వణ్ణారపేట, ఇంగ్లీషున వాషర్‌మెన్‌పేట్ అని పిలువబడు ఈ స్థలము, ఈస్టిండియా కంపెనీవారు సీమకు ఎగుమతి చేయు బట్టలను చలువ చేయు రజకుల నివాసముగా వెలసినది. కంపెనీవారు పట్టణపు పెద్ద వర్తకులకు ముందుగా సొమ్ము నిచ్చెడివారు. ఆ వర్తకులు సాలెగ్రామములకు బయానా పంపెడివారు. నేతవారు కోరా బట్ట నేసి యిచ్చెడివారు. ఆ బట్ట ఇక్కడ చలువయై, మూటలు గట్టబడి, ఓడ నెక్కెడిది. ఓడ లండను చేరుటకు నెలలు పట్టెడిది. ఇన్ని చేతులు మారునప్పుడు ఎవరు ఎవరికి ఎంత ఇచ్చిరి, ఎవరినుండి ఎంత రావలెను అను సంగతి నోటిమాటతో నిలుచునది కాదు. బట్టమీద చాకలి పెట్టు గుర్తు సైతము ఒక విధమైన పద్దే. ఈ బట్ట ఫలానా ఇంటిది, వారికే మరల చేరవలెను అని ఆ చిన్న గుర్తు చెప్పుచున్నది. నేడు ఎం.సి. రోడ్డునందలి బట్టల అంగళ్ళలో యంత్రముపై లెక్క వేయువారును ఆ పనినే చేయుచున్నారు.

మొదట ఒంటిపద్దు ఎట్టిదో చూతము. ఒంటిపద్దు వ్రాయువాడు వచ్చిన రొక్కమును, పోయిన రొక్కమును, అప్పు తీసికొన్నవారి పేర్లను మాత్రమే వ్రాసికొనును. సంసారమునకు ఇది చాలును. వర్తకునకు చాలదు. ఏలయన సంవత్సరాంతమున పెట్టెలో మిగిలిన రొక్కము లాభమును చెప్పజాలదు. పెట్టె నిండియున్నను వర్తకుడు నష్టములో నుండవచ్చును. పెట్టె సగము ఖాళీయైనను లాభములో నుండవచ్చును. ఇక పద్దులలో ఒకటి తప్పిపోయినచో దానిని పట్టియిచ్చు సాధనము ఒంటిపద్దునందు లేదు.

ఈ కష్టము ఇటలీ దేశపు వర్తకులకు పదమూడు, పదునాలుగవ శతాబ్దములలో బాగుగా అనుభవమునకు వచ్చినది. వెనీసు, జెనోవా, ఫ్లారెన్సు నగరముల వర్తకులు తామే స్వయముగా ఓడలపై తిరుగుట మాని, దూరదేశములలో గుమాస్తాలను, భాగస్వాములను నిలిపి, తాము ఇంటనుండియే వ్యాపారము నడపసాగిరి. కంటికి కనబడని సరుకు, కంటికి కనబడని గుమాస్తా, పలువురి పెట్టుబడి, పలువిధముల నాణెములు, వీనినన్నిటిని ఒక పుస్తకములో ఇముడ్చవలసి వచ్చినది. అప్పటికి ఆ దేశమున కాగితము సులభముగా దొరకసాగినది. మన దేశమున పుట్టి అరబ్బుల మూలమున పడమరకు ప్రయాణించిన అంకెలును అప్పుడే చేరినవి. పీసా నగరమునకు చెందిన లియొనార్డో ఫిబొనాచ్చి 1202లో రచించిన లెక్కల గ్రంథము ఆ అంకెలను ఐరోపా వర్తకులకు పరిచయము చేసినది. తెనుగుదేశమున పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితమును సారసంగ్రహ గణితముగా తెనిగించుట ఆ గ్రంథమునకు పూర్వమే జరిగినదని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగును.

కాని క్రొత్త అంకెలను అందరును వెంటనే ఆదరింపలేదు. ఫ్లారెన్సు నగరపు నాణెముల వర్తకుల సంఘమువారు 1299లో లెక్కల పుస్తకములలో ఈ అంకెలు వాడరాదని కట్టడి చేసిరి. సున్నను ఆరుగనో తొమ్మిదిగనో దిద్దుట సులభమని వారి భయము. ఈనాడును మనము చెక్కుమీద మొత్తమును అంకెలలోను అక్షరములలోను వ్రాయుటకు ఇట్టి భయమే కారణము.

ఇంచుమించు ఆ కాలపు లెక్కల పుస్తక మొకటి నేటికిని మిగిలియున్నది. జొవాన్ని ఫరోల్ఫి కంపెనీ యను ఫ్లారెన్సు వర్తకసంస్థ ఫ్రాన్సు దక్షిణమునగల ప్రోవెన్సు ప్రాంతమున వ్యాపారము చేసెను. ఆ సంస్థకై అమతినో మనుచ్చి యనునతడు 1299, 1300 సంవత్సరములలో వ్రాసిన ఆవర్జాలో జంటపద్దు లక్షణములు స్పష్టముగా కానవచ్చుచున్నవి. జెనోవా నగరపాలకుల 1340వ సంవత్సరపు లెక్కలు మరియొక ప్రసిద్ధ సాక్ష్యము. వానిలో మిరియముల ఖాతా యొకటి కలదు. నగరమువారు మిరియములు కొని నష్టమునకు అమ్మిరి. ఆ నష్టము దాచబడక మరియొక ఖాతాకు మార్చబడి, ఇరుప్రక్కల మొత్తములు సరిపోయినవి. ఆ కాలమున ఐరోపాకు చేరు మిరియములలో అధికభాగము మన మలబారు తీరమునుండి పోయినవే. కనుక జంటపద్దు చరిత్రలోని మొదటి పుటలలోనే మన దక్షిణదేశపు సరుకు కలదని చెప్పవచ్చును.

ఈ విధానమును అచ్చులో లోకమునకు అందించినవాడు లూకా పచోలి యను సన్యాసి. ఇతడు ఫ్రాన్సిస్కను మఠమునకు చెందినవాడు, గణితాచార్యుడు, చిత్రకారుడైన లియొనార్డో డా విన్చికి మిత్రుడు. 1494లో వెనీసు నగరమున అచ్చయిన తన గణితగ్రంథమునందు ఇతడు వర్తకుల లెక్కలను గూర్చి ఒక ప్రకరణము వ్రాసెను. ఇతనికి పూర్వమే, 1458లో, బెనెదెత్తో కొత్రూల్యి యను వర్తకుడు ఈ విషయమును తన గ్రంథమున ప్రస్తావించెను గాని ఆ గ్రంథము 1573 వరకు అచ్చు కాలేదు. పచోలి జంటపద్దును కనిపెట్టినవాడు కాడు. వెనీసు వర్తకులు రెండువందల ఏండ్లుగా పెంపొందించిన పద్ధతిని అతడు క్రమముగా వ్రాసి చూపినవాడు. అయినను వర్తకుల రహస్యము పాఠశాలలకు వచ్చుట అతని గ్రంథముతోడనే ఆరంభమైనది.

పచోలి మూడు పుస్తకములు చెప్పెను. మొదటిది జరిగినదానిని జరిగినట్లు ఆ క్షణముననే వ్రాసికొను చిత్తుపుస్తకము. రెండవది ఆ విషయములను తేదీ వరుసను ఇచ్చిన ఖాతా, పుచ్చుకొన్న ఖాతా అని విడదీసి వ్రాయు దినచర్యపుస్తకము. మూడవది ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క పుట కేటాయించి, ఎడమప్రక్క ఒకటి, కుడిప్రక్క ఒకటి చేర్చు పెద్దపుస్తకము. రెండవదానిని మన తెనుగు వాణిజ్యగ్రంథములు చిట్టా యనియు, మూడవదానిని ఆవర్జా యనియు వ్యవహరించుచున్నవి. మన పొరుగు తమిళ వర్తకులు ఆవర్జాను పేరేడు అందురు. పుస్తకమును దైవనామముతో ఆరంభింపుమని పచోలి బోధించెను. మన వర్తకులు శ్రీకారము చుట్టి, తమిళులు పిళ్ళైయార్ చుళి పెట్టి, క్రొత్త పుస్తకములు తెరచుట ఇట్టిదే.

ఇక జంటపద్దులోని కీలకమును ఒక ఉదాహరణముతో వివరింతుము. దాని సూత్రము ఒక్కటే. ప్రతి వ్యవహారమునందును ఇచ్చునది ఒకటి, పుచ్చుకొనునది ఒకటి ఉండును. పుచ్చుకొన్న ఖాతాకు ఖర్చు, ఇచ్చిన ఖాతాకు జమ వ్రాయవలెను. పాఠ్యపుస్తకములలోని డెబిట్టే ఈ ఖర్చు, క్రెడిట్టే ఈ జమ.

ఒక వర్తకుడు 10,000 రూపాయల పెట్టుబడితో చీరల అంగడి తెరచెననుకొందము. రొక్కము ఖాతాకు 10,000 ఖర్చు, మూలధనము ఖాతాకు 10,000 జమ. అతడు 6,000 రూపాయలకు చీరలు కొనెను. కొనుగోళ్ళకు 6,000 ఖర్చు, రొక్కమునకు 6,000 జమ. ఆ చీరలలో మూడింట రెండువంతులను రంగయ్య యనువానికి అరువుపై 5,000 రూపాయలకు అమ్మెను. రంగయ్యకు 5,000 ఖర్చు, అమ్మకములకు 5,000 జమ. అంగడి అద్దె 500 చెల్లించెను. అద్దెకు 500 ఖర్చు, రొక్కమునకు 500 జమ. కొన్నాళ్ళకు రంగయ్య 2,000 తెచ్చి యిచ్చెను. రొక్కమునకు 2,000 ఖర్చు, రంగయ్యకు 2,000 జమ.

ఇప్పుడు ఆవర్జాలోని నిలువలను తీయుదము. ఖర్చు నిలువలు: రొక్కము 5,500, కొనుగోళ్ళు 6,000, రంగయ్య 3,000, అద్దె 500. వెరసి 15,000. జమ నిలువలు: మూలధనము 10,000, అమ్మకములు 5,000. వెరసి 15,000. రెండును సరిపోయినవి. ఈ నిలువల పట్టీకే అంకణా యని పేరు. ప్రతి మొత్తమును రెండుచోట్ల వ్రాసినందున మొత్తములు సరిపోక తప్పదు. సరిపోకున్నచో ఎక్కడనో తప్పు దొరలినదని అర్థము. లెక్క తనను తానే కావలి కాచుకొనుట ఇందలి మొదటి గుణము.

రెండవ గుణము ఇంకను గొప్పది. అమ్మిన చీరల కొనుగోలు వెల 4,000. అమ్మకపు వెల 5,000. అందు 1,000 మిగులు. అద్దె 500 పోగా నికరలాభము 500. ఇప్పుడు ఆస్తి అప్పుల పట్టీని చూడుడు. రొక్కము 5,500, రంగయ్యనుండి రావలసినది 3,000, మిగిలిన చీరలు 2,000, మొత్తము 10,500. మూలధనము 10,000తో లాభము 500 చేర్చిన అదియు 10,500. పెట్టెను మాత్రమే చూచుకొను వర్తకుడు, పదివేలు అయిదువేల అయిదువందలైనవి, మునిగిపోతినని దిగులుపడును. ఆవర్జాను చూచుకొనువాడు తాను అయిదువందలు గడించితినని యెరుగును. అంతేకాదు, రంగయ్య మిగత 3,000 ఇయ్యనిచో ఆ లాభము నిలువదని కూడ ఎరుగును. భయపడవలసిన చోట భయపడుటకు, ధైర్యము వహింపవలసిన చోట వహించుటకు అతనికి ఆధారము దొరకినది.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును. ఇంటి చిట్టాలో వచ్చిన రొక్కమును జమ యనియు, పోయిన రొక్కమును ఖర్చు అనియు వ్రాయుదుము. పాఠములో వచ్చిన రొక్కము ఖర్చు ప్రక్కకు చేరుచున్నది. ఇది తారుమారు కాదా? కాదు. చిట్టాలో జమ ప్రక్క పెద్దలు వ్రాయునది రొక్కము పేరు కాదు, ఆ రొక్కము ఎవరినుండి వచ్చెనో వారి పేరు. రంగయ్యగారి పేర జమ 2,000 అనగా, ఇచ్చినవాడు రంగయ్య కనుక ఆయన ఖాతాలో జమ అని అర్థము. రొక్కము ఖాతా దృష్టితో చూచిన అదే మొత్తము పుచ్చుకొన్నది. కావున తాతగారి చిట్టాయు, మనుమని పాఠ్యపుస్తకమును ఒకే మాటను చెప్పుచున్నవి. ఒకటి ఇచ్చినవాని వైపునుండి చూచుచున్నది, రెండవది పెట్టె వైపునుండి చూచుచున్నది.

గణితము చదువువారు గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రహ్మస్ఫుటసిద్ధాంతమునందు సున్నకన్న ఎక్కువైన సంఖ్యను ధనమనియు, తక్కువైన దానిని ఋణమనియు పేర్కొని, వానిని కూడుటకును గుణించుటకును సూత్రములు చెప్పెను. ధనమనగా ఆస్తి, ఋణమనగా అప్పు. అనగా మన దేశమున సంఖ్యల పేర్లే లెక్కల పుస్తకపు భాషలో ఉన్నవి. ఇటలీ వర్తకులు ఋణసంఖ్యలను వాడలేదు. తీసివేయవలసిన దానిని ఎదుటి ప్రక్కకు చేర్చి, చివరకు రెండు ప్రక్కలను పోల్చిరి. ఋణచిహ్నము చేయు పనిని వారు పుటయొక్క రెండు ప్రక్కలచేత చేయించుకొనిరి.

ఇక ఈ పద్ధతి మన తీరమునకు వచ్చిన సంగతి. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున వర్తకస్థానమును స్థాపించిరి. 1639లో చెన్నపట్నమున కోటకు స్థలము సంపాదించిరి. ఆ తొలినాళ్ళలో కంపెనీవారికి దుబాషీగాను, వర్తకుడుగాను మెలగినవాడు బేరి తిమ్మన్న. తరువాత ప్రధానవర్తకుడుగా ప్రసిద్ధి కెక్కినవాడు కాశీ వీరన్న. ఇతడు 1680లో మరణించెను. ఆపై బేరి తిమ్మన్న సోదరుడు పెద్ద వేంకటాద్రి ముఖ్యుడయ్యెను. వేలకొలది వరహాల బట్టను సమకూర్చి యిచ్చు ఒడంబడికలు వీరి చేతులమీదుగా జరిగెను. ఆ కాలపు నాణెముల లెక్కయే ఒక చిక్కు. వరహాకు ఇన్ని పణములు, పణమునకు 80 కాసులు. వరహాకు పణములెన్ని యను విషయమును కాలమునుబట్టి మారుచుండెను. చెన్నరాజధానిలో 1818లో రూపాయి ప్రామాణిక నాణెమైన పిదప గాని ఈ చిక్కు తీరలేదు.

కంపెనీవారి లెక్కలు మొదటినుండియు చక్కగా ఉన్నవని తలపరాదు. ఉద్యోగుల స్వంత వ్యాపారమును, కంపెనీ వ్యాపారమును కలిసిపోయి పుస్తకములు గందరగోళముగా నుండుటచే, 1676లో స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అను అధికారి మచిలీపట్నమునకును, వంగదేశపు వర్తకస్థానములకును పోయి లెక్కలను తనిఖీ చేసి ఒక క్రమమునకు తెచ్చెను. ఇతడే 1678లో చెన్నపట్నపు గవర్నరయ్యెను. అప్పటి కాగితములు మిగిలియుండుటచేతనే కాశీ వీరన్న వంటి వర్తకులను గూర్చి మనకు నేడు తెలియుచున్నది. వ్రాసిన లెక్క చరిత్ర యగును.

మన వర్తకులు పడమటివారి రాకకు పూర్వము లెక్కలెరుగనివారా? ఎంతమాత్రము కాదు. తాటాకు కవిలెలు, బహీఖాతాలు, హుండీలు ఈ దేశమున చిరకాలముగా ఉన్నవి. జంటపద్దు భారతదేశముననే ముందు పుట్టినదని 1986లో లాల్ నిగమ్ అను పండితుడు వాదించెను. అందులకు చాలిన వ్రాతసాక్ష్యము లేదని 1987లో క్రిస్టఫర్ నోబ్స్ అను ఆచార్యుడు ఆక్షేపించెను. మా అభిప్రాయమున, దొరకిన పుస్తకముల వయస్సును బట్టి ఇటలీకి అగ్రస్థానమిచ్చుట న్యాయము. అంకెలను, సున్నను, ధనఋణముల భావమును ఇచ్చిన గౌరవము మనది. ఇదియు ఒక జంటపద్దే. ఇచ్చినవారికి జమ, పుచ్చుకొన్నవారికి ఖర్చు వ్రాసి, రెండు ప్రక్కలను చూచిననే చరిత్ర సరిపోవును.

అయితే అంకణా సరిపోయినంత మాత్రమున లెక్క సత్యమని నమ్మరాదు. అసలు వ్రాయకయే విడిచిన పద్దును అంకణా పట్టదు. రెండు ప్రక్కలను ఒకే తప్పు మొత్తము వ్రాసిన పట్టదు. ఒకరి ఖాతాకు వ్రాయవలసినది మరియొకరి ఖాతాకు వ్రాసిన పట్టదు. ఒక తప్పును మరియొక తప్పు సరిపుచ్చిన పట్టదు. ఇక బుద్ధిపూర్వకముగా అబద్ధమును జంటగా వ్రాసినచో పుస్తకము అద్దమువలె తళతళలాడును.

దీనికి దృష్టాంతములు మన మధ్యనే కలవు. ఈ నగరమున మిక్కిలి పేరుగన్న ఆర్బత్‌నాట్ కంపెనీ 1906 అక్టోబరు 22వ తేదీన చెల్లింపులు నిలిపివేసెను. దానిని నమ్మి సొమ్ము దాచుకొన్న వేలకొలది సంసారములు వీధిని పడినవి. స్వదేశీయుల బ్యాంకు కావలెనను పట్టుదల పెరిగి 1907లో ఇండియన్ బ్యాంకు స్థాపింపబడుటకు ఆ విపత్తు ప్రేరణమయ్యెను. శతాబ్దము గడచిన పిదప, 2009 జనవరి 7వ తేదీన, హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు తమ పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని స్వయముగా లేఖ వ్రాసెను. ఆ సంస్థ ప్రకటించిన పట్టీలలో రెండు ప్రక్కలును సరిపోవుచునే యుండెను! పుస్తకములోని నిలువను బ్యాంకులోని నిలువతో స్వతంత్రముగా సరిచూచుటయే తనిఖీ. కాగితము కాగితముతో సరిపోవుట చాలదు. కాగితము సరుకుతో, పెట్టెతో, ఎదుటివాని రసీదుతో సరిపోవలెను.

తలిదండ్రులకు మా మనవి యొకటి. మన పేటలో చిన్న అంగళ్ళు, తోపుడుబండ్లు, కుట్టుపనులు, చీటీలు జీవనాధారముగా గల కుటుంబములు అనేకము. తమిళనాడు ప్రభుత్వము అధికవడ్డీని నిషేధించుచు 2003లో చట్టము చేసినది. కాని చట్టమును ఆశ్రయించువాడు తాను ఎంత తీసికొనెనో, ఎంత చెల్లించెనో చూపగలుగవలెను. ప్రతి వాయిదాను తేదీతో వ్రాసికొని రసీదు పుచ్చుకొన్నవాడు నోరు తెరచి మాటాడగలడు. వ్రాసికొననివాడు తీర్చిన అప్పునే మరల తీర్చును. రాత్రి భోజనానంతరము ఐదు నిమిషములు ఇంటిలోని పెద్ద పిల్లవానిచేతనో, పిల్లచేతనో చిట్టా వ్రాయించుడు. వారికి చదువు, మీకు లెక్క, రెండును దక్కును.

విద్యార్థులకు చెప్పదలచినదియు కొంచెమే. డెబిట్, క్రెడిట్ అను మాటలను తప్పక నేర్వుడు, ఉద్యోగమునకు అవి కావలెను. వానితోపాటు జమ, ఖర్చు, చిట్టా, ఆవర్జా, అంకణా అను మాటలను వాని అర్థములతో నేర్వుడు. ఇంటిలోని పెద్దలకు ఆ మాటలలో ఒకటి రెండు తప్పక తెలిసియుండును. వారినడిగి, పాత పుస్తకమేదైన పెట్టెలో మిగిలియున్నచో తెరపించుకొని, అందులోని జమ ప్రక్కను చదువుడు. అక్కడ ఎవరి పేరున్నదో, ఏలయున్నదో ఇప్పుడు మీరే వారికి చెప్పగలరు.